వాన్ గో తైలవర్ణ చిత్రాలు – వాటి వెనుక ఉన్న బ్రతుకు

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

చిత్రకళ మీద వ్యాసం రాయడానికి రసాయనశాస్త్రం చదివేవాడికి ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. నా జవాబు రెండు ముక్కల్లో చెప్తాను. తైలవర్ణ చిత్రం అంటే సగం రసాయనశాస్త్రం. విన్సెంట్ వాన్ గో చిత్రాలంటే సగం వ్యవసాయం. మొదటిది నేను కాలేజీలో చదువుకుంటున్నాను. రెండోది పుట్టినప్పటినుంచీ ఇంట్లో చూస్తున్నాను. కనుక ఈ చిత్రకారుణ్ణి గురించి నాలుగు మాటలు రాసే హక్కు నాకు కొంచెం ఉందనే అనుకుంటాను.

వాన్ గో పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది చెవి కోసుకున్న పిచ్చివాడు. ఆ తర్వాత గుర్తొచ్చేది వేలంపాటలో ఆయన బొమ్మలకు పలికే కోట్లు. ఈ రెండింటి మధ్యా అసలు మనిషి నలిగిపోయాడు. అదృష్టవశాత్తూ ఆయన తన బొమ్మల గురించి తానే చెప్పుకున్నాడు. ఆయన రాసిన ఉత్తరాలు ఎనిమిది వందలకు పైగా మిగిలాయి. వాటిలో ఎక్కువ భాగం తమ్ముడు థియోకి రాసినవి. ఏ బొమ్మ ఎందుకు వేశాడో, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాడో, ఆ రోజు కడుపుకి ఏం తిన్నాడో, అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ ఉత్తరాల సాయంతో కొన్ని తైలవర్ణ చిత్రాల వెనుక కథలు తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మనిషి

విన్సెంట్ 1853 మార్చి 30న నెదర్లాండ్స్ దేశంలోని బ్రబాంట్ ప్రాంతంలో జుందర్ట్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు. సరిగ్గా అంతకు ఏడాది ముందు అదే తేదీన ఆ ఇంట ఒక మగబిడ్డ చనిపోయి పుట్టాడు. ఆ బిడ్డ పేరే ఈ బిడ్డకూ పెట్టారు.

16వ ఏట చిత్రాలు అమ్మే గూపీల్ కంపెనీలో గుమాస్తాగా చేరాడు. హేగ్, లండన్, పారిస్ నగరాల్లో పనిచేశాక 1876లో ఉద్యోగం పోయింది. పంతులు పని చేశాడు, పుస్తకాల షాపులో చేశాడు. మతప్రచారకుడిగా 1878 చివర్లో బెల్జియంలోని బొరినాజ్ బొగ్గుగనుల మధ్యకు వెళ్ళి, తన బట్టలూ మంచమూ గని కూలీలకు ఇచ్చేసి గుడిసెలో గడ్డి మీద పడుకున్నాడు. బోధకుడికి ఇది తగదని పైవాళ్ళు ఆ పని నుంచి కూడా తప్పించారు. 1880లో, అంటే 27వ ఏట, బొమ్మలు వెయ్యాలని నిశ్చయించుకున్నాడు. 37వ ఏట చనిపోయాడు. మధ్యలో ఉన్నది పదేళ్ళు. ఆ పదేళ్ళలో సుమారు 860 తైలవర్ణ చిత్రాలు వేశాడు.

ఈ పదేళ్ళూ ఆయనకు అన్నం పెట్టినవాడు థియో. నెలనెలా డబ్బు పంపేవాడు. ఉట్టినే తీసుకోవడం విన్సెంట్ కి నచ్చలేదు. 1884లో తమ్ముడితో ఒక ఒప్పందం మాట్లాడుకున్నాడు: నువ్వు పంపేది దానం కాదు, నా పనికి ఇచ్చే డబ్బు, వేసిన బొమ్మలన్నీ నీకు పంపుతాను, అవి నీవి. మన పల్లెల భాషలో చెప్పాలంటే ఇది పాలికి చేయడం లాంటిది. పెట్టుబడి ఒకరిది, చాకిరీ ఒకరిది, పంట చేతికొస్తే పంపకం. చిక్కల్లా ఏమిటంటే, ఆ పంట ఇద్దరి జీవితకాలంలోనూ చేతికి రాలేదు.

నూనె రంగు సంగతి

చిత్రాల్లోకి వెళ్ళేముందు తైలవర్ణం అంటే ఏమిటో చెప్పుకోవాలి. మెత్తగా నూరిన రంగు పొడిని అవిసె నూనెలో కలిపితే వచ్చే ముద్దే ఆయిల్ పెయింట్. ఇది నీళ్ళ రంగులాగా తడి ఆవిరైపోయి ఆరదు. అవిసె నూనెలో ద్విబంధాలు ఎక్కువ. గాలిలోని ఆక్సిజన్ ను పీల్చుకుని, అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టి పొరగా మారతాయి. అయొడిన్ సంఖ్య గురించి ల్యాబులో చేసిన ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. వేరుశనగ నూనెకు అది సుమారు 90 దగ్గర ఉంటే అవిసె నూనెకు దాదాపు రెట్టింపు. అందుకే వేరుశనగ నూనె ఏడాదైనా జిడ్డుగానే ఉంటుంది, అవిసె నూనె బిగుసుకుపోతుంది.

ఇలా మెల్లగా ఆరడంలో ఒక లాభం ఉంది. రంగును దళసరిగా పెట్టవచ్చు, కుంచెతో దున్నవచ్చు. దున్నవచ్చు అని ఊరికే అనలేదు. వాన్ గో గోధుమ చేలను దగ్గర నుంచి చూపే ఫొటోలు చూస్తే కుంచె వెంట్రుకల జాడలు నాగటి చాళ్ళలాగా ఉంటాయి. 1841లో తగరపు ట్యూబులు కనిపెట్టడంతో రంగులు సంచిలో వేసుకుని పొలానికి వెళ్ళే వీలు చిత్రకారులకు కలిగింది. వాన్ గో ఎక్కువగా అలాగే ఎండలో, గాలిలో, ఈగల మధ్య నిలబడి వేశాడు. నాలుగు బొమ్మల మీంచి వంద దాకా ఈగలు ఏరవలసి వచ్చిందని 1885లో ఉత్తరంలో రాసుకున్నాడు. అది అతిశయోక్తి అనుకునేవాళ్ళకి ఇంకో సంగతి. అమెరికాలోని కాన్సాస్ సిటీ మ్యూజియంలో ఉన్న ఆయన 1889 నాటి 'ఆలివ్ చెట్లు' చిత్రంలో, రంగు పొరలో ఇరుక్కున్న మిడతను 2017లో కనుక్కున్నారు. రంగులో అది కొట్టుకున్న గుర్తులు లేవు గనుక చచ్చిన మిడతే గాలికి వచ్చి అంటుకుందని తేల్చారు. పొలంలో అన్నం తింటూ ముద్దలోంచి పురుగును తీసి పారేసిన వాళ్ళెవరికీ ఇది వింతగా తోచదు.

బంగాళాదుంపలు తినేవాళ్ళు

1885 ఏప్రిల్, మే నెలల్లో న్యూనెన్ అనే పల్లెలో వేసిన చిత్రం ఇది. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డాంలోని వాన్ గో మ్యూజియంలో ఉంది. కొలత 82 సెంటీమీటర్లకు 114. పైన వేలాడే ఒక్క దీపం కింద ఐదుగురు కూర్చుని ఉన్నారు. నలుగురి ముఖాలు కనబడతాయి, మనకు వీపు పెట్టి ఒక చిన్నపిల్ల. పళ్ళెంలో పొగలు కక్కే బంగాళాదుంపలు. ఒకామె కాఫీ వంచుతోంది. గోడకు గడియారం, క్రీస్తు శిలువ పటం. బొమ్మంతా మట్టి రంగు.

ఈ కుటుంబం పేరు డి గ్రోట్. వాళ్ళు నిజంగా ఆ పల్లెలో బ్రతికిన రైతుకూలీలు. వాళ్ళను వేయడానికి ముందు ఆ శీతాకాలమంతా విన్సెంట్ ఆ ఊరి రైతుల తలలూ చేతులూ డజన్ల కొద్దీ వేసి సాధన చేశాడు. ఆ పని మధ్యలోనే, 1885 మార్చి 26న తండ్రి చనిపోయాడు. పని ఆగలేదు.

ఈ చిత్రంలో తాను ఏం చెప్పదలిచాడో థియోకి వివరంగా రాశాడు. దీపం కింద పళ్ళెంలోకి పోతున్న ఈ చేతులే ఆ భూమిని తవ్విన చేతులని, వాళ్ళు తమ కూడు న్యాయంగా సంపాదించుకున్నారని చూసేవాడికి తట్టాలన్నది ఆయన తాపత్రయం. పేదవాళ్ళను చూసి జాలిపడమనడం లేదు. చూసి గౌరవించమంటున్నాడు. రైతు బొమ్మకు పొగ వాసన, ఉడికిన దుంపల ఆవిరి వాసన వస్తే మంచిదే, కొట్టానికి పేడ వాసన రావడం సహజం, అత్తరు పూయవద్దన్నది ఆయన అభిప్రాయం. ముఖాల రంగు కూడా తోలు తీయని, మట్టి అంటిన బంగాళాదుంప రంగులో ఉండాలని కావాలనే అలా కలిపాడు.

మరి లోకం ఏమంది? ఈ చిత్రానికి చేసిన రాతి అచ్చును స్నేహితుడు వాన్ రప్పార్డ్ అనే చిత్రకారుడికి పంపితే, చేతులు సరిగా లేవని, మనుషులు కదలడం లేదని, ఇంత అశ్రద్ధగా ఎలా వేశావని కడిగేశాడు. విన్సెంట్ ఆ ఉత్తరాన్ని తిప్పి పంపేశాడు. ఐదేళ్ళ స్నేహం దాంతో చెడింది. తర్వాత పల్లెలో చర్చి ఫాదరు, ఎవరూ ఈయన ముందు కూర్చోవద్దని జనానికి చెప్పడంతో మనుషులు దొరకడమూ కష్టమయింది.

సెలవుల్లో ఈ చిత్రం అచ్చుబొమ్మను మా నాన్నకు చూపించాను. ఎవరు వేశారో, ఎంత ఖరీదో చెప్పలేదు. చాలాసేపు చూసి, "ముఖాలు వంకరగా ఉన్నాయి గానీ చేతులు మాత్రం నిజంరా. పని చేసీ చేసీ వేళ్ళు అలాగే బిగుసుకుంటాయి" అన్నాడు. మా అమ్మ పక్కనుంచి తొంగిచూసి, "ఆ ముసలామె కళ్ళు ఎవర్నీ చూడట్లేదు, అలిసిపోయింది పాపం" అంది. శరీర నిర్మాణం తప్పిందని వాన్ రప్పార్డ్ చేసిన విమర్శ కొలతల ప్రకారం సరైనదే కావచ్చు. కానీ ఆ చేతులు ఎవరివో ఆ చేతులున్నవాళ్ళు గుర్తుపట్టారు. రెండేళ్ళ తర్వాత పారిస్ నుంచి చెల్లెలికి రాస్తూ, తాను వేసినవాటిలో అన్నిటికన్నా మంచిది ఇప్పటికీ ఆ బంగాళాదుంపల బొమ్మేనని విన్సెంట్ అన్నాడు.

తండ్రి బైబిలు, కొడుకు నవల

అదే ఏడాది అక్టోబరులో ఒక్కరోజులో వేసి ముగించిన చిత్రం ఒకటుంది. బల్ల మీద తెరిచిన పెద్ద బైబిలు. అది చనిపోయిన తండ్రిది. పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ముందువైపు, చివర్లు నలిగిన చిన్న పసుపుపచ్చ పుస్తకం. అది ఎమిలీ జోలా రాసిన 'లా జ్వా ద వీవ్ర్' నవల, అంటే 'బ్రతకడంలో ఆనందం'.

తండ్రీకొడుకుల మధ్య జీవితమంతా తగాదాయే. ఈ ఫ్రెంచి నవలలు మనిషిని చెడగొడతాయని తండ్రి నమ్మకం. కొడుక్కి అవే వేదం. ఉద్యోగం లేదు, సంపాదన లేదు, ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నామని తండ్రి బాధ. నన్ను అర్థం చేసుకోరని కొడుకు బాధ. రాజీ పడకుండానే ఒకరు పోయారు.

చిత్రంలో విన్సెంట్ తండ్రిని వెక్కిరించలేదు. బైబిలును పెద్దగా, గంభీరంగా, చిత్రం నిండా ఉండేట్టు వేశాడు. తెరిచి ఉన్న పుట యెషయా గ్రంథం 53వ అధ్యాయం. అందరి బాధలూ తన మీద వేసుకుని, అందరి చేతా తృణీకరింపబడిన మనిషిని గురించిన అధ్యాయం అది. జోలా నవల కూడా ఇంకొకరి కోసం తన సుఖం వదులుకున్న ఒక పిల్ల కథే. రెండు పుస్తకాలూ ఒకే మాట చెబుతున్నాయన్నట్టు వాటిని ఒకే బల్ల మీద పెట్టాడు. తండ్రి బ్రతికుండగా నోటితో చెప్పలేనిది, పోయాక రంగులతో చెప్పాడని నేను అర్థం చేసుకున్నాను. మన హాస్టల్ గదుల్లో ఎంతమందిమి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మార్కులు, డబ్బులు, ఆరోగ్యం అనే మూడు మాటలతో ముగిస్తున్నామో ఆలోచిస్తే ఈ చిత్రం మనకు దూరం కాదు.

రంగులు వచ్చిన దారి

1886లో విన్సెంట్ పారిస్ లోని తమ్ముడి దగ్గరికి చేరాడు. అక్కడి ఇంప్రెషనిస్టుల వెలుగు చూశాక మట్టి రంగులు వదిలిపెట్టాడు. అయితే ఈ మార్పు ఒక్కసారిగా పైనుంచి ఊడిపడలేదు. దాని వెనుక చదువు ఉంది.

షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పేరు మనం సబ్బులూ కొవ్వు ఆమ్లాలూ చదివేటప్పుడు వింటాం. ఆయన ఒక ప్రభుత్వ తివాచీల కర్మాగారంలో అద్దకాల విభాగం చూసేవాడు. రంగు బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం అద్దకం కాదని, పక్కనున్న దారం రంగు అని కనిపెట్టాడు. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నారింజ, పసుపు పక్కన ఊదా పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. 1839లో దీనిమీద పుస్తకం వేశాడు. ఆ సిద్ధాంతం విన్సెంట్ కి చేరింది. రంగురంగుల ఊలు దారాలను ఉండలు చుట్టి, ఏ రంగు పక్కన ఏది ఎలా మెరుస్తుందో పరీక్షించుకునేవాడు. ఆ ఊలు ఉండల పెట్టె నేటికీ భద్రంగా ఉంది. పిచ్చిలో వేశాడని చెప్పే రంగుల వెనుక ఇంత ప్రయోగం ఉందన్నమాట.

1888 ఫిబ్రవరిలో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్నానికి వెళ్ళాడు. అక్కడ ఒక పసుపుపచ్చ ఇల్లు అద్దెకు తీసుకుని, చిత్రకారులంతా కలిసి బ్రతికే నీడగా చెయ్యాలని కలగన్నాడు. మొదట రాబోయే అతిథి పాల్ గోగాన్. అతని గది గోడల కోసమే ఆగస్టులో పొద్దుతిరుగుడు పూలు వేశాడు. పూలు తొందరగా వాడిపోతాయి గనుక తెల్లవారుజామునే మొదలుపెట్టి ఒక్క ఊపున వెయ్యాల్సి వచ్చేదని రాశాడు. ఇవాళ లోకమంతా గోడలకు తగిలించుకునే ఆ పూలు, ఒంటరివాడు స్నేహితుడి రాక కోసం చేసుకున్న ఇంటి అలంకారం.

ఆ స్నేహం రెండు నెలలు నిలిచింది. డిసెంబరు 23 రాత్రి ఇద్దరికీ గొడవ జరిగి, విన్సెంట్ కి మతి తప్పి, చెవి సంఘటన జరిగింది. జనం అక్కడే ఆగిపోతారు. నేను మాత్రం ముందుకు పోతాను.

విత్తేవాడు, కోసేవాడు

విత్తనం చల్లే మనిషి బొమ్మ విన్సెంట్ ని జీవితమంతా వెంటాడింది. ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే 1850లో వేసిన విత్తేవాణ్ణి చూసి, బొమ్మలు నేర్చుకునే మొదటి రోజుల్లోనే నకళ్ళు తీశాడు. 1888 జూన్ లో ఆర్ల్ లో తన సొంత విత్తేవాణ్ణి వేశాడు. మనిషి పెద్ద అంగలు వేస్తూ వెద చల్లుతున్నాడు. వెనుక నిండు పసుపు సూర్యుడు. దున్నిన నేల ఊదా, నీలం. పసుపూ ఊదా, షెవ్రూల్ చెప్పిన జంట. అదే ఏడాది నవంబరులో వేసిన ఇంకొక దానిలో అస్తమిస్తున్న సూర్యుడు సరిగ్గా మనిషి తల వెనుక దేవుడి పటంలో తేజోవలయంలాగా ఉంటుంది. దేవుడి బొమ్మలు వేయడం మానేసిన పాస్టరు కొడుకు ఆ వెలుగును తీసుకెళ్ళి రైతు తల వెనుక పెట్టాడు.

దీనికి జోడు కోసేవాడు. 1889 మేలో విన్సెంట్ తనంతట తానే సెయింట్ రెమీలోని మానసిక చికిత్సాలయంలో చేరాడు. గది కిటికీలోంచి గోడ కట్టిన గోధుమ చేను కనబడేది. జూన్ లో దాన్ని కోస్తున్న ఒంటరి మనిషిని వేయడం మొదలుపెట్టాడు. జూలైలో జబ్బు తిరగబెట్టి వారాల తరబడి కుంచె ముట్టలేకపోయాడు. తేరుకున్నాక సెప్టెంబరులో ఆ బొమ్మ మీదే పని చేశాడు. పసుపు సముద్రంలాంటి చేనులో కొడవలితో ఒక మనిషి. ఆ కోసేవాడిలో తనకు మృత్యువు కనిపించిందని, కోతకొచ్చిన పైరు మానవజాతి అని థియోకి రాశాడు. కానీ వెంటనే ఇంకో మాట చేర్చాడు. ఈ మృత్యువులో విషాదం లేదట, ఇది పట్టపగలు, బంగారు ఎండలో జరిగేదట.

ఈ సంగతి మా నాన్నకు చెప్పాను. ఆయనకు మొదటి సగం ఒప్పలేదు. "పండిన చేను కోస్తే చావెందుకౌతుందిరా? పండిన చేను వాన పాలైతే, అదీ చావు" అన్నాడు. విన్సెంట్ రెండో వాక్యం ఎందుకు చేర్చాడో నాకు అప్పుడు తేటగా అర్థమైంది. చేను కోతకు రావడమంటే విత్తిన చేతికి న్యాయం జరగడం. రైతుల మధ్య తిరిగినవాడు గనుకే చావు గురించి రాస్తూ కూడా దాన్ని ఎండలో నిలబెట్టగలిగాడు.

బాదం పూలు

1890 జనవరి 31న థియోకి కొడుకు పుట్టాడు. పెదనాన్న పేరే పెట్టారు: విన్సెంట్ విల్లెం. అన్నలాగే పట్టుదల, ధైర్యం గలవాడు కావాలని థియో కోరుకున్నాడు. చనిపోయిన బిడ్డ పేరు మోస్తూ పెరిగిన విన్సెంట్ కి, తన పేరుతో ఒక బిడ్డ బ్రతకడం ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

కబురు అందాక ఫిబ్రవరిలో ఆ బిడ్డ కోసం బాదం కొమ్మలు వేశాడు. నీలాకాశం మీద తెల్లని పూలు. బాదం ఆ ప్రాంతంలో అన్నిటికన్నా ముందు, చలి పూర్తిగా పోకముందే పూస్తుంది. కొత్త జీవితానికి అంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది? ఆ బొమ్మ అయ్యాక మళ్ళీ జబ్బుపడ్డాడు. లేచేసరికి చెట్ల పూలన్నీ దాదాపు రాలిపోయాయి.

ఆ పిల్లవాడు పెరిగి ఇంజనీరయ్యాడు. పెదనాన్న బొమ్మలు ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోకుండా కాపాడి, ఆమ్‌స్టర్‌డాంలో 1973లో వాన్ గో మ్యూజియం తెరవడానికి కారకుడయ్యాడు. అంతకు ముందు ఆ భారం మోసింది అతని తల్లి యో. భర్త పోయాక చేతిలో పసిబిడ్డ, ఇంటినిండా ఎవరూ కొనని బొమ్మలు. ఆమె వాటిని పారేయలేదు. ప్రదర్శనలు పెట్టించింది, 1914లో ఉత్తరాలను అచ్చువేయించింది. అన్నదమ్ములు పాలికి చేసిన పంటను ఇంటికి చేర్చింది ఆమే.

చివరి పొలాలు

విన్సెంట్ 1890 మేలో పారిస్ దగ్గరి ఓవేర్ పల్లెకు మారాడు. సుమారు 70 రోజుల్లో 70కి పైగా చిత్రాలు వేశాడు. జూలై 27న పొలానికి వెళ్ళి తుపాకి గాయంతో తిరిగొచ్చి 29న చనిపోయాడు. ఆరు నెలలు తిరక్కుండానే 1891 జనవరి 25న థియో కూడా పోయాడు.

'కాకులతో గోధుమ చేను' ఆయన చివరి చిత్రమని, ఆ కాకులు చావుకు సూచన అని కథలు చెబుతారు. అది చివరిది కాదు. పూర్తికాకుండా మిగిలిన 'చెట్టు వేళ్ళు' అనే చిత్రమే చివరిదని ఇప్పుడు పండితులు భావిస్తున్నారు. అది వేసిన చోటును కూడా ఒక పాత పోస్టుకార్డు ఆధారంగా 2020లో గుర్తించారు. ఇక విశాలమైన గోధుమ చేల చిత్రాల గురించి విన్సెంటే రాశాడు: అందులో దుఃఖమూ ఘోరమైన ఒంటరితనమూ చెప్పదలిచాడట. అదే ఉత్తరంలో, పల్లెలో తనకు కనిపించే ఆరోగ్యాన్నీ బలాన్నీ కూడా ఈ బొమ్మలు చెబుతాయని రాశాడు. జనం మొదటి మాటను ఉంచుకుని రెండోదాన్ని వదిలేశారు.

ఇక్కడ నేను గట్టిగా ఒక మాట చెప్పదలిచాను. పిచ్చి వల్లే ఆయన గొప్ప బొమ్మలు వేశాడని, బాధ లేనిదే కళ లేదని మన సాహితీ చర్చల్లో తరచు వింటుంటాం. ఉత్తరాలు చదివితే ఇది తప్పని తెలుస్తుంది. జబ్బు వచ్చినప్పుడు ఆయన వేయలేకపోయాడు. జబ్బు లేని రోజుల్లో కూలికి పోయినట్టు పొద్దున్నే లేచి వేశాడు. జబ్బు ఆయనకు బొమ్మలనివ్వలేదు, రావలసిన బొమ్మల్ని లాక్కుపోయింది. ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్ళున్న ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఆ ఇళ్ళ వాకిట నిలబడ్డవాడెవడూ అలాంటి చావులో అందం ఉందనడు. విన్సెంట్ కథలో అందమైనదేదైనా ఉంటే అది నెలనెలా వచ్చిన థియో ఉత్తరం. పక్క గదిలో మిత్రుడు నాలుగు రోజులుగా మెస్సుకు రాకపోతే తలుపు తట్టడం అంతకన్నా చిన్న పనేమీ కాదు.

మారిపోతున్న రంగులు

చివరగా నా శాస్త్రం విషయానికి వస్తాను. ఇవాళ మనం చూస్తున్న వాన్ గో రంగులు ఆయన వేసిన రంగులు కావు.

ఆయనకు ఇష్టమైన పసుపు లెడ్ క్రోమేట్. కొన్నింటిలో అది గోధుమరంగుకు తిరుగుతోంది. 2011లో గ్రెనోబుల్ నగరంలోని సింక్రోట్రాన్ ఎక్స్ కిరణాలతో పరిశోధకులు కారణం పట్టుకున్నారు. వెలుతురు తగిలి, ఆరు సంయోజకతలో ఉన్న క్రోమియం మూడుకు క్షయీకరణం చెందుతోంది. డైక్రోమేట్ ద్రావణంలో ఆల్కహాలు పోస్తే నారింజ రంగు పోయి ఆకుపచ్చ రావడం మనందరం పరీక్షనాళికలో చూశాం. అదే చర్య పొద్దుతిరుగుడు పూల మీద దశాబ్దాల తరబడి నిదానంగా జరుగుతోందన్నమాట.

ఎరుపు సంగతి ఇంకా అన్యాయం. అల్యూమినియం లవణం మీద రంగును పట్టించి చేసే వర్ణకాన్ని లేక్ అంటారు. లవణ పరీక్షలో అల్యూమినియానికి మనం చేసే బ్లూ లేక్ పరీక్షలో జరిగేదీ అదే. ఎరుపు లేకులు వెలుతురుకు వెలిసిపోతాయి. 1888 అక్టోబరులో వేసిన 'పడకగది' చిత్రంలో గోడలు లేత ఊదా అని ఆయన ఉత్తరంలో స్పష్టంగా రాశాడు. ఇప్పుడు అవి నీలంగా ఉన్నాయి. ఊదాలోని ఎరుపు ఎగిరిపోయింది, నీలం మిగిలింది. బాదం పూలలో కొన్ని ఒకప్పుడు ఇంతకన్నా గులాబీగా ఉండేవి.

ఆశ్చర్యమేమిటంటే ఈ రంగులు నిలవవని విన్సెంట్ కి తెలుసు. అందుకే 1888లోనే రాశాడు, వాటిని ఇంకా ముదురుగా, మొరటుగా వాడాలని, కాలమే వాటిని మెత్తబరుస్తుందని. రాలిపోయే గింజలు పోగా మొలిచేవి మొలవాలని వెద కాస్త ఒత్తుగా చల్లే రైతు లెక్క అది.

ముగింపు

ఆయన బ్రతికుండగా ఒక్క చిత్రమే అమ్ముడైందని అంటారు. 'ఎర్ర ద్రాక్షతోట'ను 1890లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో ఆన్నా బోక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకు కొన్న మాట నిజమే. దానికి ఎనిమిదేళ్ళ ముందే పినతండ్రి ఒకరు డబ్బిచ్చి కలం బొమ్మలు వేయించుకున్నాడు గనుక, అస్సలు సంపాదించలేదనడం సరికాదు. కానీ పెట్టిన కష్టానికి వచ్చినది ఎంత తక్కువో పంట అమ్ముకునేవాళ్ళకు వేరే చెప్పాలా?

ఇంతకూ ఈ చిత్రాలు మనకు నేర్పేదేమిటి? నాకు తోచినవి రెండు. ఒకటి, చూడదగ్గ విషయం ఎక్కడో రాజుల కోటల్లోనే లేదు. దుంపలు తినే చేతులూ, వెద చల్లే అంగలూ, కోతకొచ్చిన చేనూ, జీవితమంతా వెచ్చించి వేయదగ్గవేనని ఒక మనిషి నిరూపించాడు. పల్లె నుంచి వచ్చామని తరగతిలో వెనుక బెంచీ వెతుక్కునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ మాట గుర్తుంచుకోవాలి. రెండు, శాస్త్రమూ కళా వేరు వేరు ఊళ్ళు కావు. షెవ్రూల్ లేనిదే ఆ పసుపు అంత మండేది కాదు, ఎక్స్ కిరణాలు లేనిదే ఆ గోడల అసలు రంగు రుజువయ్యేది కాదు.

విన్సెంట్ ఉత్తరాలన్నిటినీ 2009 నుంచి ఎవరైనా పైసా ఖర్చు లేకుండా ఇంటర్నెట్ లో చదువుకోవచ్చు. ఇంగ్లీషు అనువాదంతో పాటు ఉన్నాయి. పరీక్షలయ్యాక ఒక్క ఉత్తరం చదవండి, 1885 ఏప్రిల్ 30 నాటిది. బంగాళాదుంపల బొమ్మ పక్కన పెట్టుకుని చదవండి. ఆ తర్వాత ఇంటికెళ్ళినప్పుడు, అన్నం తినేవేళ మీవాళ్ళ చేతులు ఒకసారి చూడండి.